పిల్లకో ట్యాబా, బడికో బీరువా ట్యాబులా?

పూర్వ విద్యార్థుల సంఘం తాము చదువుకున్న బడికి ఏమివ్వాలని సమావేశమైనప్పుడు, ప్రహరీ గోడ, మంచినీళ్ల యంత్రం, సైకిళ్ల షెడ్డు అన్నీ చర్చకు వచ్చి పోయాక, ఎవరో ఒకరు "పిల్లలందరికీ తలా ఒక ట్యాబ్ ఇచ్చేద్దాం" అంటారు. ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పరు, ఎందుకంటే పంపిణీ నాడు తీయబోయే ఫొటో అప్పటికే అందరి కళ్ల ముందూ కదలాడుతూ ఉంటుంది. నేను ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతూ, అదనపు బాధ్యతగా ట్యాబుల బీరువా తాళంచెవిని కూడా కొన్నేళ్లు మోసినవాణ్ణి. డబ్బు చేతిలో ఉండి ఏది కొనాలో తేల్చుకోలేక ఉన్న ప్రధానోపాధ్యాయులకూ, దాతలకూ, పాఠశాల కమిటీ సభ్యులకూ పనికివస్తుందని ఈ పోలిక రాస్తున్నాను.

లెక్క తేలికగా అర్థమయ్యేందుకు ఒక బడిని ఊహించుకుందాం. ఆరు నుంచి పది వరకు తరగతులు, తరగతికి రెండేసి సెక్షన్లు, సెక్షన్‌కు ముప్పై మంది చొప్పున మొత్తం 300 మంది పిల్లలు. ఈ బడి ముందున్న దారులు నాలుగు. ఒకటి, ప్రతి పిల్లకూ ఒక ట్యాబ్ ఇచ్చి ఇంటికి కూడా పంపడం. రెండవది, నలభై ట్యాబులు కొని బడిలోనే బీరువాలో ఉంచి, పీరియడ్ ప్రకారం ఒక్కో సెక్షన్‌కు ఇవ్వడం. మూడవది, పది పదిహేను డెస్క్‌టాప్‌లతోనో ల్యాప్‌టాప్‌లతోనో కంప్యూటర్ గది ఏర్పాటు చేయడం. నాలుగవది, పిల్లల చేతికి ఏమీ ఇవ్వకుండా తరగతి గోడకు పెద్ద తెర బిగించడం. నా మొగ్గు రెండవదాని వైపు ఉందని ముందే చెబుతున్నాను. అయితే మొదటిదానికి దగ్గరగా వెళ్లాల్సిన బడులు కూడా ఉన్నాయి, వాటి సంగతి కూడా తర్వాత వస్తుంది.

డబ్బుతో మొదలుపెడదాం. మన దగ్గరే జరిగిన అతిపెద్ద ఉదాహరణ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రారంభించిన ట్యాబుల పంపిణీ. ఆ విడతలో ఎనిమిదో తరగతి పిల్లలకూ వారికి చెప్పే ఉపాధ్యాయులకూ కలిపి సుమారు 5.18 లక్షల శాంసంగ్ ట్యాబులను దాదాపు 686 కోట్ల రూపాయల వ్యయంతో ఇచ్చారు. భాగహారం చేస్తే ఒక్కొక్కటి పదమూడు వేల రూపాయలు దాటుతుంది. లక్షల సంఖ్యలో కొన్న ప్రభుత్వానికే ఆ ధర పడినప్పుడు, విడిగా కొనే సంఘానికి అంతకంటే తక్కువలో మన్నికైనది దొరుకుతుందని ఆశపడకూడదు. పదమూడు వేల చొప్పున 300 ట్యాబులంటే 39 లక్షలు, నలభై ట్యాబులంటే 5 లక్షల 20 వేలు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాతో ఒక విద్యా వాలంటీరుకు ఎన్ని సంవత్సరాలు జీతం ఇవ్వవచ్చో ఎవరి ఊరి లెక్క వారు వేసుకోవచ్చు. అయిదు వేలకే వస్తుందని ఎవరైనా చెబితే, 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఎంతో ఆర్భాటంగా విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్ సంగతి గుర్తుచేసుకోవాలి. సుమారు 2,276 రూపాయలకు తయారైన ఆ పరికరానికి గట్టిగా నొక్కితే తప్ప స్పందించని తెర, 256 ఎంబీ ర్యామ్ ఉండేవి. అగ్గువ పరికరం పిల్లవాడి ఓపికను మొదటి వారంలోనే తినేస్తుంది, ఆ తర్వాత దాన్ని ముట్టుకునేవారు ఉండరు.

దాతల సమావేశాల్లో అసలు ప్రస్తావనకే రాని విషయం కరెంటు. ఎనిమిది తొమ్మిది అంగుళాల ట్యాబ్‌లో ఉండే 5,100 ఎంఏహెచ్ బ్యాటరీ నిండడానికి సుమారు ఇరవై వాట్-గంటల విద్యుత్తు కావాలి. ఛార్జర్లలో పోయేదాన్ని కూడా కలుపుకుంటే నలభై ట్యాబులకు ఒక యూనిట్ సరిపోతుంది, అంటే బిల్లు గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. చిక్కు బిల్లులో లేదు, ప్లగ్గుల్లో ఉంది. పదిహేను వాట్ల ఛార్జర్లు నలభై ఒకేసారి పెడితే లోడు 600 వాట్లు, అంటే ఒక ఇస్త్రీ పెట్టె కంటే తక్కువ. ఒక మంచి పదహారు ఆంపియర్ల పాయింటు నుంచి తీసుకోవచ్చు. అవే 300 ఛార్జర్లయితే 4,500 వాట్లు అవుతుంది. పాత వైరింగ్ ఉన్న బడిలో దానికి విడిగా లైను లాగాలి, 300 ప్లగ్గులు బిగించాలి. ఆ బాధ పడలేక "ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకుని రండి" అని పిల్లలకు చెబుతారు. ముప్పై మందిలో ఏడెనిమిది మంది ట్యాబులు ఆ ఉదయం చచ్చి ఉంటాయి; ఆ ఏడెనిమిది మంది ఊరికే కూర్చోవాలి, లేదా ఉపాధ్యాయుడు పాఠం మానేసి ప్లగ్గులు వెతకాలి. నేను రెండూ చేశాను.

పాఠశాలకు ఏది సరిపోతుందో చెప్పేది ట్యాబుల సంఖ్య కాదు, టైంటేబుల్. మనం ఊహించుకున్న బడిలో రోజుకు ఎనిమిది పీరియడ్లు, వారానికి ఆరు రోజులు అనుకుంటే, ఒక నలభై ట్యాబుల సెట్టు వారానికి 48 పీరియడ్లు వాడుకోవడానికి దొరుకుతుంది. పది సెక్షన్లకు పంచితే సెక్షన్‌కు నాలుగు పీరియడ్లు వచ్చి, ఇంకా ఎనిమిది మిగులుతాయి. వారానికి నాలుగు పీరియడ్లకు మించి ట్యాబ్‌తో పాఠం చెప్పడానికి సిద్ధంగా ఉన్న ఉపాధ్యాయులు మీ బడిలో ఎంతమంది ఉన్నారో ప్రధానోపాధ్యాయుడు నిజాయితీగా లెక్కపెట్టుకోవాలి. ఆ సంఖ్య ఒకరో ఇద్దరో అయితే, మిగతా 260 ట్యాబులు సంచుల్లో బరువు తప్ప మరేమీ కావు.

పంచుకుని వాడుకోవడం పేదరికపు రాజీ అని కొందరు దాతలు నొచ్చుకుంటారు. ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు ముందుండి రూపొందించిన సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్ అసలు పంచుకోవడం కోసమే పుట్టింది. ఊరంతటికీ ఒక పరికరం, మనిషికో స్మార్ట్ కార్డు, కార్డు పెట్టగానే ఎవరి వివరాలు వారికి కనిపించాలన్నది దాని వెనుక ఉన్న ఊహ. సింప్యూటర్ జనంలోకి వెళ్లలేకపోయింది కానీ ఆ ఊహ మాత్రం సరైనదే. ఈనాడు ఆ కార్డు స్థానంలో విద్యార్థి పేరుతో ఒక లాగిన్ ఉంటే చాలు. ట్యాబ్ ఎవరిదైనా, నిన్న ఏ లెక్క దగ్గర ఆగాడో అక్కడి నుంచే పిల్లవాడు మొదలుపెట్టవచ్చు.

పంపకంలో మేం పాటించిన పద్ధతి ఒకటి చెబుతాను. ట్యాబ్ వెనుక తెల్ల స్టిక్కరు మీద నంబరు రాసి, హాజరుపట్టీలో ఎవరి నంబరు ఎంతో ఆ ట్యాబే ఎప్పుడూ తీసుకోవాలని నియమం పెట్టాం. అంటే పదిహేడో ట్యాబ్‌ను పది సెక్షన్ల పదిహేడో నంబరు పిల్లలు పదిమంది వాడతారు. గీత పడితే ఎవరి పీరియడ్ తర్వాత పడిందో తెలిసిపోతుంది. కొన్ని నెలలకు ఆ స్టిక్కర్ల మీద పెన్సిలు రాతలు కనిపించడం మొదలైంది. పదిహేడో దాని మీద ఆరో తరగతి పిల్ల ఎవరో "అక్కా, ఛార్జింగ్ పిన్ను మెల్లగా పెట్టవా" అని రాసింది. దాని కింద వేరే చేతిరాతతో "సరేలే" అని ఉంది. అలా రాసుకున్నారు కాబట్టి చెబుతున్నాను, బడి ట్యాబుల్లో అన్నిటికంటే ముందు పాడయ్యేది తెర కాదు, ఛార్జింగ్ పిన్ను పెట్టే రంధ్రం. తిప్పి పెట్టినా మళ్లించి పెట్టినా పట్టే సీ-రకం పిన్ను ఉన్న ట్యాబులే కొనాలి.

ఇక పరికరం చేతికిస్తే చదువు వస్తుందా అన్న ప్రశ్నకు ఇతర చోట్ల జరిగిన రెండు అనుభవాలు పక్కపక్కన పెట్టి చూడాలి. పెరూ దేశం "పిల్లకో ల్యాప్‌టాప్" పథకం కింద పల్లె బడులకు పెద్ద ఎత్తున చిన్న ఆకుపచ్చ కంప్యూటర్లు ఇచ్చింది. 319 పల్లె బడుల్లో జరిపిన పరిశీలన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. పిల్లల కంప్యూటర్ వాడకం బాగానే పెరిగింది, సాధారణ తర్కశక్తిని కొలిచే పరీక్షల్లో కొంత మెరుగుదల కనిపించింది, కానీ లెక్కల్లోనూ భాషలోనూ ఇవ్వని బడులతో పోలిస్తే తేడా ఏమీ కనిపించలేదు. రెండవ అనుభవం ఢిల్లీది. అక్కడ 619 మంది మాధ్యమిక పాఠశాల పిల్లలతో చేసిన అధ్యయనంలో, లాటరీ తగిలిన పిల్లలు బడి అయ్యాక మైండ్‌స్పార్క్ అనే అభ్యాస సాఫ్ట్‌వేర్ నడిపే కేంద్రానికి వెళ్లి, సగం సమయం కంప్యూటర్ ముందు, సగం సమయం చిన్న బృందంగా ఉపాధ్యాయుడి దగ్గర గడిపారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ వారు మిగతావారికంటే స్పష్టంగా ముందుకు వెళ్లారు. ఆ కంప్యూటర్లు పిల్లల సొంతం కావు, ఇంటికి వెళ్లినవీ కావు. వాటిలోని సాఫ్ట్‌వేర్ మాత్రం ఎనిమిదో తరగతి పిల్లవాడికి భాగహారం రాకపోతే ఎనిమిదో తరగతి పాఠం చూపించకుండా భాగహారం దగ్గరికే తీసుకువెళ్లేది. తరగతిలో ముప్పై మందికి ఒకే పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఎంత మంచివాడైనా చేయలేని పని అదొక్కటే. అందుకని ట్యాబ్ కొనేటప్పుడు, పిల్లవాడి స్థాయిని బట్టి ప్రశ్న మార్చే అభ్యాసం అందులో ఉందా, లేక పాఠం వీడియోలు మాత్రమే ఉన్నాయా అని అడగాలి. వీడియోలు మాత్రమే అయితే గోడ మీది తెర చాలు.

ఇంటికి పంపాలా వద్దా అన్నది ఇంకా కష్టమైన ప్రశ్న, ఇక్కడ నా అభిప్రాయం ఒకప్పటిలా గట్టిగా లేదు. పల్లెల్లోని 14–18 ఏళ్లవారి మీద 2023లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ జరిపిన అసర్ విద్యా సర్వేలో దాదాపు తొంభై శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉందని తేలింది. అది చూసి "ఇంట్లో ఫోన్ ఉండగా ట్యాబ్ ఎందుకు" అనేవారు ఉన్నారు. అదే సర్వేలో, ఫోన్ వాడటం తెలిసినవారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు దాదాపు 44 శాతం ఉంటే అమ్మాయిలు 20 శాతమే ఉన్నారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ సాయంత్రం నాన్న జేబులోనో అన్నయ్య చేతిలోనో ఉంటుంది. తొమ్మిదో తరగతి చదివే చెల్లెలికి అది అందేది పదింటికి, అదీ ఛార్జింగ్ మిగిలి ఉంటే. బడి పేరుతో ఆమె చేతికి వచ్చిన ట్యాబ్‌ను "ఇది బడిది" అని ఇంట్లో వెనక్కి లాక్కోవడం కొంచెం కష్టం. ఇంటికి పంపడానికి ఉన్న బలమైన కారణం ఇదే. దీన్ని ఒప్పుకుంటూనే, 300 మందికి కొనకుండా పదో తరగతి పిల్లలకు మాత్రం, గ్రంథాలయం పుస్తకంలా రిజిస్టరులో రాసుకుని, వారానికొకసారి ఇంటికి ఇచ్చే పద్ధతి ముందు ప్రయత్నించమంటాను.

గురుకులాలకు ఈ వాదన వర్తించదు. అక్కడ పిల్లలు రాత్రిళ్లు బడిలోనే ఉంటారు, సాయంత్రం పర్యవేక్షణతో చదువుకునే గంటలుంటాయి, ఛార్జింగ్ ఒకే చోట పెట్టుకోవచ్చు. వారికి తలకొక ట్యాబ్ కాకపోయినా ఇద్దరికి ఒకటి ఇవ్వడం నిజంగా అక్కరకు వస్తుంది.

కంప్యూటర్ గది గురించి క్లుప్తంగా చెబుతాను. ట్యాబ్ మీద చదవడం, అభ్యాసం చేయడం, బొమ్మ గీయడం సులువు; తెలుగులో ఒక పేజీ వ్యాసం టైపు చేయడం, స్ప్రెడ్‌షీట్ నింపడం, ప్రోగ్రామ్ రాయడం కష్టం. పై తరగతుల పిల్లలకు ఇవి నేర్పాలన్నదే ఉద్దేశం అయితే కీబోర్డు ఉన్న యంత్రాలు తప్పవు. కేరళ ఈ దారిలోనే వెళ్లింది. 2018 నుంచి అక్కడి ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది నుంచి పన్నెండు వరకు 45,000 తరగతి గదులకు ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ అమర్చి, ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతూ, లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల సంఘాలు ఏర్పాటు చేసి వారికి కంప్యూటర్ నైపుణ్యాల్లో శిక్షణ ఇచ్చింది. పెద్ద తెర విషయానికి వస్తే, ప్రభుత్వ బడుల బాగుకు చేపట్టిన నాడు–నేడు పనులు జరిగిన చాలా ఆంధ్ర బడుల్లో అలాంటి తెరలు ఇప్పటికే ఉన్నాయి. ఉన్నచోట మళ్లీ కొనడం దండగ.

ఏది ఎంచుకున్నా, పాఠాలు ఎవరివి, అవి ఎక్కడ నిల్వ ఉంటాయి అన్న రెండు ప్రశ్నలు కొనుగోలు పత్రం మీద సంతకం పెట్టేముందే అడగాలి. ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన ట్యాబుల్లో బైజూస్ పాఠాలను మెమరీ కార్డులోనే నింపి, నెట్ లేకపోయినా నడిచేలా ఇవ్వడం ఆ పథకంలో మెచ్చుకోవాల్సిన అంశం. ఆ సంస్థ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. నెట్ మీద, కంపెనీ సర్వర్ మీద మాత్రమే నడిచే పాఠాలు కొన్న బడికి అలాంటి రోజున ఏం మిగులుతుందో ఆలోచించుకోవాలి. నా సలహా ఏమిటంటే, బడిలోనే ఒక చిన్న సర్వర్ పెట్టుకోండి. అరచేతిలో పట్టే ‘రాస్‌ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్ మీదనో పాత కంప్యూటర్ మీదనో కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, అవసరమైన పాఠాలను ఒకసారి దించుకుంటే, ఆ తర్వాత నెట్ లేకుండానే పిల్లలందరూ వైఫై ద్వారా వాడుకోవచ్చు, ఎవరు ఎంతవరకు వచ్చారో ఉపాధ్యాయుడు చూసుకోవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక: ఇంట్లో వాడే మామూలు రౌటరు నలభై ట్యాబులు ఒకేసారి వీడియో అడిగితే చేతులెత్తేస్తుంది. ఎక్కువ పరికరాలను మోయగల యాక్సెస్ పాయింటుకు కొన్ని వేలు కేటాయించండి. పాఠాలు తెలుగులో ఉన్నాయా, లేక ఇంగ్లిషు పాఠానికి తెలుగు శీర్షిక మాత్రమే తగిలించారా అన్నది డెమోలో కాకుండా ఏదో ఒక అధ్యాయం మధ్యలో తెరిచి చూడండి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలకు అలవాటుపడ్డ పిల్లలు ట్యాబ్‌లోనూ అదే వెతుక్కుంటారు.

అనవసరమైన యాప్‌లు రాకుండా తాళం వేసే సాఫ్ట్‌వేర్ మీద అతిగా నమ్మకం పెట్టుకోవద్దు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ బడుల యంత్రాంగం 2013లో వంద కోట్ల డాలర్లకు మించిన అంచనాతో పిల్లలందరికీ ఐప్యాడ్‌లు ఇవ్వడం మొదలుపెడితే, ఒక బడిలో వందలమంది పిల్లలు రోజుల వ్యవధిలోనే ఆ తాళం ఉన్న ప్రొఫైల్‌ను తుడిచేసి ఎంచక్కా కావాల్సినవి చూసుకున్నారు. మరుసటి ఏడాది ఆ ఒప్పందమే ఆగిపోయింది. మన పిల్లలు అంతకంటే తెలివితక్కువవారు కారు. తాళం ఉండాలి, కానీ అంతకంటే తరగతిలో బెంచీల మధ్య తిరిగే ఉపాధ్యాయుడే నమ్మకమైన తాళం. పిల్లల పేరుతో లాగిన్లు సృష్టించేటప్పుడు తల్లిదండ్రుల సంతకం తీసుకోవడం కూడా మరవొద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది.

నలభై ట్యాబుల సెట్టుకు నేను వేసుకునే పద్దు ఇలా ఉంటుంది. నలభై కాకుండా 44 కొనాలి, నాలుగు ఎప్పుడూ బీరువాలో అదనంగా ఉండాలి. తెర పది అంగుళాలకు దగ్గరగా ఉంటే పాఠ్యపుస్తకం పేజీ పెద్దది చేయకుండా చదవవచ్చు. ఎనిమిది అంగుళాలైతే పిల్లలు వేళ్లతో జరుపుకుంటూ వరుస తప్పిపోతారు. ర్యామ్ నాలుగు జీబీకి తగ్గకూడదు. మూలలకు దళసరి రబ్బరు ఉన్న కవరు, మూడేళ్ల వారంటీ, జిల్లా కేంద్రంలో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీ కావాలి. చివరిది లేకపోతే ముందు రెండూ కాగితం మీదే ఉంటాయి. తలుపు వెనుక గాలి ఆడే రంధ్రాలున్న ఇనుప బీరువా, దాని లోపలికి ఎలక్ట్రీషియన్ చేత వేయించిన ప్లగ్గుల వరుసలు కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఒకదానిలో ఒకటి గుచ్చి నడిపించడం నేను చేసిన పొరపాటు, ఒక రోజు వైరు కమురు వాసన వచ్చాకగానీ మానలేదు. మొత్తం డబ్బులో అయిదో వంతు కొనకుండా బ్యాంకులో పెట్టి, రెండవ, మూడవ సంవత్సరాల మరమ్మతులకు వాడాలి. దాతలకు ఈ మాట నచ్చదు, దీనికి ఫొటో ఉండదు కాబట్టి.

చిన్న ప్రాథమిక పాఠశాలలో యాభై మందే పిల్లలుంటే ఈ లెక్కంతా మారిపోతుంది. పదిహేను ట్యాబులు చాలు, తరగతిలో సగం మంది ట్యాబుతో ఉంటే మిగతా సగం టీచరు దగ్గర పలక పట్టుకుని కూర్చుంటారు, నిజానికి ఢిల్లీలో పని చేసిన ఏర్పాటుకు ఇది మరింత దగ్గర. మీ బడిలో ట్యాబులు చూసుకునే ఉపాధ్యాయుడు బదిలీ అయితే ఆ పని అందుకునేవారు ఎవరో పేరు చెప్పలేకపోతే, ఈ ఏడాదికి కొనడం ఆపి, ముందు ఇద్దరికి నేర్పించండి.

వేసవి సెలవుల విషయం ఒకటి మిగిలింది. ఏప్రిల్ చివర బడి మూసి జూన్ 12న తెరిచే లోపు దాదాపు ఏడు వారాలు ట్యాబులు బీరువాలో పడి ఉంటాయి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీతో పెట్టినవాటిలో కొన్ని జూన్‌లో మళ్లీ లేవవు. నిండుగా ఛార్జింగ్ పెట్టి రేకుల గదిలో ఉంచినవి ఉబ్బిపోవచ్చు. చివరి పనిదినాన అన్నింటినీ సగం ఛార్జింగ్ దగ్గర ఆపి, స్విచ్ ఆఫ్ చేసి, రేకుల గదిలో కాకుండా శ్లాబు వేసిన గదిలోకి బీరువాను జరిపించి, మే నెల మధ్యలో ఒక్కసారి బడికి వెళ్లి చూసి రావాలి. ఆ ఒక్క రోజుకు ఎవరు వస్తారో ఏప్రిల్‌లోనే రిజిస్టరులో రాయించుకోండి.